తుపాకీ మూతిలో ఒక మిల్లీమీటరు

పన్నెండు బోరు తుపాకీ గొట్టం లోపలి వెడల్పు దాదాపు 18.5 మిల్లీమీటర్లు. ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోతపోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో అంత. బోరు అంకె వెనకున్న లెక్క అదే. ఈ గొట్టం చాలామేరకు ఒకే వెడల్పుతో సాగి, సరిగ్గా మూతి దగ్గర ఒక మిల్లీమీటరు సన్నబడుతుంది. తెలియనివాళ్లు చూస్తే గుర్తుపట్టలేరు. దాన్ని చోక్ అంటారు. గొట్టంలోంచి దూసుకెళ్లే వందల సీసపు గుళికలు 40 గజాల దూరంలో ఒకచోట గుమిగూడి పడాలా, చెల్లాచెదురు కావాలా అన్నది చాలావరకు ఈ మిల్లీమీటరు చేతిలోనే ఉంది.

గుళికలు ఎంత దగ్గరగా పడ్డాయో కొలవడానికి ఒక పాత పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. 40 గజాల దూరంలో పెద్ద కాగితం నిలబెట్టి, దాన్ని ఒక్కసారి కాల్చి, గుళికలు ఒత్తుగా పడ్డ చోట 30 అంగుళాల వృత్తం గీసి లోపలి చిల్లులు లెక్కపెడతారు. చోక్ లేని తిన్నటి గొట్టమైతే నూటికి 40 గుళికలు వృత్తంలో పడతాయి. ఫుల్ చోక్ అయితే 70. వేటగాళ్లు ఈ తేడాను దూరపు దెబ్బగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అది పక్షి పడే బాధ లెక్కగానే కనిపిస్తుంది. పలచగా పరుచుకున్న గుళికల్లో ఏ రెండో మూడో ఒంటికి తగిలిన పక్షి అప్పటికి తప్పించుకుపోయి, ఎక్కడో పొదల్లో రోజుల తరబడి తీసుకుని చస్తుంది. చోక్ చరిత్రంతా ఆ పరిస్థితి రాకుండా చూసే ప్రయత్నంగా చదవాలని నా అభిప్రాయం.

ఎవరు కనిపెట్టారన్నది ఇప్పటికీ తెగని తగువు. ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో తుపాకులు చేసే విలియం రోచెస్టర్ పేప్ 1866లో తీసుకున్న పేటెంటులో మూతి సన్నబరిచే ఆలోచన ఉంది. అమెరికాలో సిల్వెస్టర్ రోపర్ 1868లో పేటెంటు తీసుకున్నాడు. ఆవిరితో నడిచే సైకిలు తయారు చేసినవాడు కూడా ఇతనే. రోపర్ ఆలోచన మరీ ముందుచూపుది: గొట్టం మూతికి మరలతో బిగించి, కావాలంటే విప్పేసే చోక్. దాని విలువ లోకానికి తెలిసి, మార్చుకునే చోక్‌లు ఇంటింటి వస్తువులు కావడానికి వందేళ్లు పట్టింది.

ఇలినాయ్ నది మీద బాతుల వేటతో బతికిన ఫ్రెడ్ కింబుల్ తర్వాతి రోజుల్లో చెప్పిన కథ నాకు వీటన్నిటికన్నా ఇష్టం. అతను ఒక గొట్టాన్ని మూతి దగ్గర బాగా ఇరుకుగా ఉంచి తొలిచాడట. కాల్చి చూస్తే గుళికలు మునుపటికన్నా అధ్వానంగా చెదిరాయి. ఇది పనికిరాదని ఆ ఇరుకును తొలిచేసి మామూలు గొట్టంగా మార్చబోయాడు. పని పూర్తిగా తెమలలేదు, కొంచెం ఇరుకు మిగిలింది. మళ్లీ కాల్చి చూస్తే గుళికలు ముందెన్నడూ లేనంత దగ్గరగా పడ్డాయి. కథలో ఎంత నిజమో పక్కన పెట్టినా, అందులోని యంత్రశాస్త్రం నూటికి నూరుపాళ్లు నిజం. బిగింపు ఒక మేర దాకానే మేలు చేస్తుంది. ఆ మేర దాటితే అదే బిగింపు గుళికలను పాడుచేస్తుంది.

చోక్‌ను కథల్లోంచి కార్ఖానాలోకి తెచ్చినవాడు బర్మింగ్‌హామ్‌కు చెందిన డబ్ల్యూ. డబ్ల్యూ. గ్రీనర్. ఏ గొట్టానికైనా ఒకే ఫలితం వచ్చేలా తొలిచే పద్ధతిని 1874లో బయటపెట్టాడు. మరుసటి ఏడాది లండన్‌లో 'ద ఫీల్డ్' పత్రిక అందరి ముందూ పోటీలు పెట్టింది. తిన్నటి గొట్టాలు ఓడిపోయాయి. అప్పటిదాకా మంచి తుపాకీ అంటే చెక్కడపు పని, పిడి అందం. ఆ పోటీల తర్వాత కాగితం మీది చిల్లులు కూడా లెక్కలోకి వచ్చాయి.

ఇంత చిన్న బిగింపు అంత పని ఎలా చేస్తుంది? మందు పేలగానే గుళికల ముద్ద మొత్తం గొట్టంలో ముందుకు పరిగెడుతుంది. మూతి దగ్గర దారి సన్నబడేసరికి ముద్ద సన్నగా, పొడుగ్గా సాగుతుంది. గోడల వెంట వెళ్తున్న గుళికలకు లోపలివైపు చిన్న తోపు తగులుతుంది. బయటికి విచ్చుకునే గుణాన్ని ఆ తోపు కొంత అణిచేస్తుంది. వెనక నుంచి తోసుకొస్తున్న బిరడా కూడా ఆ ఇరుకులో ఒక్క క్షణం వెనకబడి, గుళికల మధ్యలోకి చొరబడి చెదరగొట్టకుండా ఉంటుంది.

గుళిక గుండ్రంగా ఉన్నంతసేపే ఇదంతా. పేలుడు ఒత్తిడికి వెనక వరసలో ఉన్న మెత్తటి సీసం నలుగుతుంది, గోడకు రాసుకున్నది చదునవుతుంది. చదునైన గుళిక గాలిలో పక్కదారి పడుతుంది. ఈ గుండ్రదనానికి పాతిక దశాబ్దాలకు కాస్త తక్కువ చరిత్ర ఉంది. బ్రిస్టల్‌లో సీసపు పనివాడు విలియం వాట్స్ 1782లో పేటెంటు తీసుకుని, ఎత్తైన బురుజు మీద నుంచి కరిగిన సీసాన్ని జల్లెడ గుండా కిందికి వదిలాడు. బూందీ గరిటెలోంచి పిండి నూనెలోకి రాలినట్టే చుక్కలు రాలేవి. దారిలో తలతన్యత వాటిని గుండ్రంగా మలిచేది, కింద నీళ్ల తొట్టి అందుకునేది. చుక్కలు బాగా గుండ్రంగా తిరగడానికి సీసంలో కాస్త ఆర్సెనిక్ కలిపేవాళ్లు. తర్వాత గట్టిపడటానికి ఆంటిమొనీ కలిపారు. 1960లలో గుళికల చుట్టూ ప్లాస్టిక్ గిన్నె వచ్చి, గోడ రాపిడిని తప్పించింది. చోక్ ఒక్కటే చేయలేని పనిని ఈ మార్పులన్నీ కలిసి చేశాయి.

వీటన్నిటికీ అసలు పరీక్ష అమెరికా అడవి టర్కీ కోడి. మన దేశంలో ఇప్పుడు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. అక్కడి ఏర్పాటు వేరు. విచ్చలవిడి వేటతో, అడవుల నరికివేతతో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చాలా రాష్ట్రాల్లో ఈ పక్షి కనుమరుగైంది. 1937లో వచ్చిన పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం తుపాకులు, తూటాల మీద వసూలయ్యే పన్నును వన్యప్రాణుల పునరుద్ధరణకు మళ్లించింది. దొడ్లో పెంచి వదిలిన కోళ్లు అడవిలో బతకలేదు. వలలతో పట్టిన అడవి కోళ్లను కొత్త చోట్లకు తరలిస్తే నిలదొక్కుకున్నాయి. ఇప్పుడు వాటి సంఖ్య లక్షల్లో ఉంది. వసంతంలో వేటగాడు చెట్టుకు ఆనుకుని కూర్చుని, పెట్ట కూతను అనుకరించి పుంజును దగ్గరికి రప్పిస్తాడు.

పుంజు వచ్చాక గురి ఎక్కడ పెట్టాలి? ఒంటి మీద కాదు. దట్టమైన ఈకలు, మందమైన రొమ్ము కండ గుళికలను ఆపేస్తాయి, పక్షి గాయంతో పారిపోతుంది. తలలోనో మెడ ఎముకలోనో తగిలితే అక్కడికక్కడే పడిపోతుంది. కానీ ఆ లక్ష్యం సన్నటిది, క్షణం కుదురుగా ఉండదు. అందుకే టర్కీ వేటగాళ్లకు 30 అంగుళాల వృత్తం పనికిరాదు. వాళ్లు 10 అంగుళాల వృత్తం గీస్తారు. విస్తీర్ణంలో అది పెద్ద వృత్తంలో తొమ్మిదో వంతు. అందులో 100 చిల్లులు ఉండాలన్నది వాళ్లలో బాగా చెల్లుబాటయ్యే కొలబద్ద. మామూలు ఫుల్ చోక్‌తో అది కష్టం. 18.5 మిల్లీమీటర్ల గొట్టాన్ని 16.8 దాకా బిగించే టర్కీ చోక్‌లు అలా పుట్టాయి.

ఇక గుళిక సైజు. అమెరికా లెక్కలో అంకె పెరిగేకొద్దీ గుళిక చిన్నది. 17లోంచి ఆ అంకె తీసేస్తే వచ్చేది అంగుళంలో వందో వంతుల్లో దాని వ్యాసం. అంటే 4 నంబరు 0.13 అంగుళం, 6 నంబరు 0.11. ఒక ఔన్సు సీసంలో 4 నంబరువి 135 గుళికలు పడితే, 5 నంబరువి 170, 6 నంబరువి 225. పెద్ద గుళిక దూరం దాకా వేగం నిలుపుకుని ఎముకలోకి దిగుతుంది, కానీ సంఖ్య తక్కువ, వృత్తంలో ఖాళీలు ఎక్కువ. చిన్న గుళికతో ఖాళీలు నిండుతాయి, కానీ అది త్వరగా నీరసిస్తుంది. వ్యాసం సగమైతే గుళికకు గాలి తగిలే మేర నాలుగో వంతుకు తగ్గుతుంది, బరువు మాత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. తరాల తరబడి వేటగాళ్లు 4కూ 6కూ మధ్య వాదించుకుని, చాలామంది 5 దగ్గర రాజీపడ్డారు.

ఆ రాజీని లోహశాస్త్రం తిరగరాసింది. సీసం తిన్న నీటిపక్షులు విషంతో చస్తున్నాయని తేలి, 1991 నాటికి అమెరికా అంతటా నీటిపక్షుల వేటలో సీసాన్ని నిషేధించారు. బదులుగా వచ్చిన ఉక్కు తేలిక, ఘన సెంటీమీటరుకు 7.8 గ్రాములే. సీసం 11 పైచిలుకు. బరువైన లోహం కోసం వెతుకులాట టంగ్‌స్టన్ దగ్గర ఆగింది. దాని మిశ్రమంతో చేసిన గుళికల సాంద్రత 18. ఇప్పుడు పాత లెక్క మళ్లీ వేద్దాం. గుళిక చొచ్చుకుపోయే శక్తి వ్యాసాన్ని సాంద్రతతో గుణిస్తే వచ్చే విలువను అనుసరించి ఉంటుంది. 5 నంబరు సీసానికి ఆ విలువ సుమారు 34. టంగ్‌స్టన్‌తో చేసిన 9 నంబరుకు, అంటే 2 మిల్లీమీటర్ల రవ్వకు, 36. అంత చిన్న రవ్వ పెద్ద సీసపు గుళికకు తీసిపోవడం లేదు. పైగా ఔన్సుకు 170 కాదు, దాదాపు 360. ఒక్కో తూటా ధర పది డాలర్లు దాటినా జనం కొంటున్నది ఇందుకే. చిన్న బోరు తుపాకులు కూడా ఈ వేటకు సరిపోతున్నాయి.

దీన్ని 60, 70 గజాల దెబ్బకు అనుమతిపత్రంగా తీసుకునేవాళ్లున్నారు. అది తప్పని గట్టిగా చెబుతాను. ఆ దూరంలో వేటగాడి అంచనా పది గజాలు తప్పినా పక్షి గాయంతో మిగులుతుంది. అడవిలో దూరం కళ్లతో సరిగ్గా చెప్పగలిగేవాళ్లు అరుదు. దానికి తోడు దగ్గరి దూరంలోనూ చిక్కుంది. బాగా బిగించిన చోక్ 10 గజాల్లో గుళికలను అరచేయి వెడల్పు కూడా దాటనివ్వదు. గురి రెండు మూడు అంగుళాలు పక్కకు పోతే ఒక్క గుళికైనా తగలదు, లేదా కంటికో ముక్కుకో తగిలి కోడి బతికిపోతుంది.

గట్టి టంగ్‌స్టన్ నలగదు కాబట్టి అతి బిగింపు దానికి అవసరం లేకపోవచ్చు. కొన్ని గొట్టాల్లో కాస్త వదులు చోక్‌తోనే మేలైన ఫలితం వస్తుంది. మెత్తటి సీసానికి కుదిరిన చోక్‌లో టంగ్‌స్టన్ కాల్చేముందు తయారీదారు అనుమతి ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే గొట్టమే దెబ్బతింటుంది. ఒకే కంపెనీ, ఒకే మోడల్ తుపాకులు రెండు తెచ్చి ఒకే తూటా కాల్చినా కాగితం మీద రెండు రకాల గుంపులు పడతాయి. కాబట్టి తూటా మార్చినా, చోక్ మార్చినా మళ్లీ కాగితం నిలబెట్టాల్సిందే: ముందు 20 గజాల్లో గురి సరిచూసుకోవడం, తర్వాత 30, ఆపైన 40. ప్రతి దూరంలో ఒక్క కాగితంతో సరిపెట్టకుండా మూడు నాలుగు కాల్చి సగటు తీయాలి. 10 అంగుళాల వృత్తంలో చిల్లులు 30 గజాల్లో 140, 40 గజాల్లో 80 వచ్చాయనుకోండి, ఆ తుపాకీకి, ఆ తూటాకు హద్దు 35 గజాల లోపే.