గుహాచిత్ర ప్రతిబింబములు: స్థానివద్భావ విచారము

చీనాదేశమున దున్‌హువాంగు పట్టణ సమీపమున మొగావో గుహలు గలవు. బౌద్ధులు క్రీస్తుశకము 4వ శతాబ్దము మొదలు 14వ శతాబ్దము వఱకుఁ దొలిపించిన యీ గుహలలోఁ జిత్రశిల్పయుక్తములైనవి 492. వానిలో 285వ గుహయందు 538, 539 సంవత్సరముల వ్రాతలు గలవు. దాని పడమటి గోడపై మహేశ్వరుఁడు, కుమారస్వామి, వినాయకుఁడు లిఖింపఁబడియున్నారు.

చూడవచ్చువారి నిశ్వాసమునందలి తేమ గోడలలోని యుప్పును గదల్చి రంగులను రాల్చును. కావున నచటి పండితులు చిత్రములను డిజిటలు రూపమునఁ గూర్చి, 2016లో 30 గుహలను అంతర్జాలమున లోకమునకుఁ జూపిరి. 2023లో 285వ గుహను వర్చువల్ రియాలిటీ యను ప్రక్రియచేఁ గల్పించిరి. తత్సాధనమును గన్నులకుఁ దగిల్చికొన్నవాఁడు గుహ నడుమ నిలిచినట్లే నలుదెసలఁ జూడఁగలఁడు.

ఇట్టి ప్రతిబింబము ప్రమాణమగునా? ఆదేశము స్థానివలె వర్తించునని పాణిని విధించి, వర్ణము నాశ్రయించు విధియందు మాత్ర మట్లు కాదని నిషేధించెను. ఇచటను నంతే. దేవతల రూపము, ఆయుధములు, చిత్రముల కూర్పు విచారించునపుడు ప్రతిబింబము గుహతో సమానమే. రంగు ఏ ధాతువువలనఁ బుట్టెనో, లేపమున కెంత ప్రాయమో నిర్ణయింపవలసినపుడు ద్రవ్యమే శరణ్యము.

వ్యాకరణమున నాదేశము వచ్చినంతనే స్థాని తొలఁగును. ఇచట నట్లు కారాదు. ప్రతిబింబము వచ్చుట స్థానిని నిలుపుటకే.