తండ్రి వాచీకి వెల కట్టేదెవరు?

దేశానికంతకూ కాలాన్ని నిర్ణయించే యంత్రాలు రాజధానిలో వున్నవి. పూసా ప్రాంతంలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో అణు గడియారాలు పన్నెండు గంటలు అంటే కచ్ నుంచి కార్ నికోబార్ దాకా పన్నెండు గంటలే. సూర్యుడు మాత్రం ఆ ప్రయోగశాల అధికారానికి లోబడడు. భారత ప్రామాణిక కాలానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. అండమాన్ రాజధాని దానికి మరో పది డిగ్రీలు తూర్పున వున్నందున అక్కడి పొద్దు గడియారం కంటే దాదాపు 41 నిముషాలు ముందు నడుస్తుంది. డిసెంబరు మాసంలో సాయంత్రం అయిదు గంటలకే సూర్యాస్తమయమవుతుంది.

2018లో ఆ ప్రయోగశాల శాస్త్రజ్ఞులే ఈశాన్య రాష్ట్రాలకు, ఈ దీవులకు ఒక గంట ముందుండే రెండవ ప్రామాణిక కాలాన్ని ప్రతిపాదించారు. వ్యూహాత్మక కారణాల రీత్యా కేంద్రం అందుకు అంగీకరించలేదు. శాసనసభ లేని, లోక్‌సభలో ఒకే ఒక్క స్థానం గల ఆ ప్రాంతానికి ఢిల్లీ నిర్ణయాలు శిరోధార్యం కావటం కొత్త కాదు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీవిజయపురంగా మారటం పాఠకులకు తెలిసిందే.

ఆ పట్టణంలో స్థిరపడిన ఒక తెలుగు మిత్రుడు రాసిన ఉత్తరమే ఈ వారం చర్చకు ఆధారం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు నూటికి పదముగ్గురు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకు, కట్టుబడి పనులకు వెళ్ళి అక్కడే వుండిపోయిన కుటుంబాలు వారిలో అనేకం. మిత్రుని తండ్రి సోంపేట వైపు నుంచి ఓడ ఎక్కి వెళ్ళిన తాపీ మేస్త్రీ. కూలి డబ్బులు కూడబెట్టి ఆయన కొనుక్కున్న ఒకే ఒక విలాసవస్తువు హెచ్.ఎం.టి. జనతా చేతి గడియారం. ప్రతి ఉదయం దానికి కీ ఇచ్చిన తరువాతే ఇల్లు కదిలేవాడట. ఆయన పోయి పదకొండేళ్ళయింది. వాచీ రేకుపెట్టెలో వున్నది.

మిత్రుడు ఉద్యోగ విరమణ చేశాడు. భార్య గతించింది. ఒంటరిగా వుంటున్నాడు. హైదరాబాదులో వున్న కుమార్తె, నాడి చూసి చెప్పే కొత్త రకం వాచీ పెట్టుకోమని పోరుతున్నది; కొని పంపుతానన్నది. కూతురి సొమ్ముతో కొనటానికి ఆయనకు మనసు ఒప్పలేదు. వైద్య ఖర్చులు పోగా పింఛనులో మిగిలేది తక్కువ. ఈలోగా చెన్నై నుంచి పాత వాచీలు సేకరించే ఒకాయన వచ్చి, తండ్రి వాచీకి కొత్తదాని ధరకు దాదాపు సరిపడే మొత్తం ఇస్తానన్నాడు. పెట్టెలో పడి వున్నదాన్ని అమ్మి చేతికి పనికివచ్చేది కొనుక్కోవటంలో తప్పేమున్నదని మిత్రుని ప్రశ్న. చివరి వాక్యంలో మరొక మాట: సోంపేటలో వున్న అక్కకు ఈ సంగతి ఇంకా తెలియదు.

వ్యవహారం చిన్నదే. కాని ఈ బేరంలో కొనేవాడు దేనికి డబ్బిస్తున్నాడు, అమ్మేవాడు దేనిని వదులుకుంటున్నాడు అన్నది విచారిస్తే దాని వెనుక దేశ పారిశ్రామిక చరిత్ర కొంత కనపడుతుంది.

1953లో ఏర్పడిన హిందుస్థాన్ మెషీన్ టూల్స్ సంస్థ, జపానుకు చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగుళూరులో వాచీల తయారీ ప్రారంభించింది. 1961లో తొలి వాచీలను నెహ్రూ విడుదల చేశారు. సామాన్యునికి స్వదేశీ వాచీ అందించాలన్న ఆశయం జనతా అనే పేరులోనే వున్నది. పెళ్ళికొడుకు చేతికి హెచ్.ఎం.టి. పెట్టటం మామగారి పరువుకు సంబంధించిన విషయమైన రోజులవి. తెలుగువారికి మరొక బంధుత్వం కూడా వున్నది. బస్సులకు, రిఫ్రిజిరేటర్లకు పేరుపొందిన హైదరాబాద్ ఆల్విన్ జపానుకే చెందిన సీకో సహకారంతో 1980 దశకంలో వాచీలు తయారుచేసింది. మన రాష్ట్ర ప్రభుత్వరంగ సంస్థ ముద్ర గల వాచీలు ఎందరి చేతులకో అలంకారమైనవి.

1984లో టాటాలు, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థ కలిసి టైటాన్‌ను స్థాపించటంతో గాలి మారింది. బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీ రోజూ కీ ఇవ్వనక్కరలేనిది, పలుచనిది, సోకైనది. కీ వాచీనే నమ్ముకున్న హెచ్.ఎం.టి. వెనుకబడింది. ఆల్విన్ వాచీలు కనుమరుగైనవి. 2016 జనవరి 6న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల సంఘం హెచ్.ఎం.టి. వాచెస్‌ను, శ్రీనగర్‌లోని చినార్ వాచెస్‌ను మూసివేయటానికి ఆమోదం తెలిపింది. తుముకూరు కర్మాగారం స్థలం అంతరిక్ష పరిశోధన సంస్థకు వెళ్ళింది. 2024లో భారీ పరిశ్రమల శాఖ చేపట్టిన కుమారస్వామి హెచ్.ఎం.టి.ని పునరుద్ధరిస్తామంటూ వచ్చారు.

ఇందులో వింత ఏమిటంటే, ప్రభుత్వం ఇక లాభం లేదని మూతవేసిన తరువాతే ఈ వాచీలకు గిరాకీ పెరిగింది. సేకరించేవారు జనతా, పైలట్ రకాల కోసం ఊరూరా గాలిస్తున్నారు. పలు వాచీల భాగాలు కలిపి, ముఖఫలకానికి కొత్త రంగు వేసి పాతవిగా చెలామణి చేసే వ్యాపారం కూడా బయలుదేరింది. అందువల్లనే, ఒకే యజమాని చేతిలో వుండి, మార్పులు జరగని మేస్త్రీ వాచీ కోసం చెన్నై ఆసామి సముద్రం దాటి వచ్చాడు. ఆయన వెల కట్టింది మారని ముఖఫలకానికి, మూతపడిన కర్మాగారానికి. మేస్త్రీ కట్టిన గోడలకు ఆయన లెక్కలో చోటు లేదు.

మనిషి జ్ఞాపకానికి కూడా బజారులో ధర పలికిన సందర్భం లేకపోలేదు. 2009 మార్చి 5న న్యూయార్క్‌లో ఆంటికోరం సంస్థ గాంధీజీ వాడిన జెనిత్ జేబు గడియారాన్ని, కళ్ళజోడు, చెప్పులు, పళ్ళెం, గిన్నెతో కలిపి వేలానికి పెట్టింది. అంచనా ఇరవై ముప్ఫయి వేల డాలర్లు. పాట ముగిసింది 18 లక్షల డాలర్ల వద్ద. పాడుకున్నవాడు విజయ్ మాల్యా. పేదల ఆరోగ్యంపై ఖర్చు పెంచితే వస్తువులను ఇచ్చివేస్తానని యజమాని జేమ్స్ ఓటిస్ పెట్టిన షరతును భారత ప్రభుత్వం అంగీకరించలేదు. నవజీవన్ ట్రస్టు అర్జీపై ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వు సముద్రం అవతల వేలాన్ని ఆపలేకపోయింది. పాడుకున్న మాల్యా, బ్యాంకుల బాకీలు మిగిల్చి 2016 మార్చిలో దేశం విడిచాడు. ఒక జాతికి తండ్రి అనదగినవాని వాచీకే ఇంత సంత జరిగింది. సోంపేట మేస్త్రీ ఎవరో బజారుకు తెలియదు గనుక, ఆయన జ్ఞాపకం విలువ తెలిసినవారు లోకంలో ఇద్దరే: ఆ కొడుకు, ఆ కూతురు.

పైగా అండమాన్ నేలపై పాత వస్తువులు నిలవటం అరుదు. అక్కడి కాలం తొలుత మణికట్టు మీద కాక మెడలో వేలాడింది. ఖైదీ మెడలోని కొయ్యబిళ్ళపై అతని శిక్ష, విడుదల కాలం రాసి వుండేవి. సావర్కర్ బిళ్ళపై విడుదల సంవత్సరం 1960. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లు దొర ఆ శిక్ష అనుభవించి వచ్చి, 1952లో లోక్‌సభ సభ్యుడై ఈ ఢిల్లీలో అడుగుపెట్టాడు. తరువాత వలస వెళ్ళిన మేస్త్రీలు, బెస్తలు పూర్వీకుల పొలాలు, ఇళ్ళు వెంట తీసుకుపోలేదు; పెట్టెలో పట్టినవే వారి వారసత్వం. అందులోనూ 2004 డిసెంబరు 26 నాటి సునామీ నికోబార్ దీవులలో ఊళ్ళకు ఊళ్ళనే తుడిచిపెట్టింది. ఇందిరా పాయింట్ దీపస్తంభం వున్న నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. అటువంటిచోట తండ్రి చేతిలోని వస్తువు కొడుకు పెట్టెలో మిగిలి వుండటం చిన్న విషయం కాదు.

కొత్త వాచీ పక్షాన చెప్పవలసినదీ వున్నది. చెన్నై నుంచి సముద్రగర్భంలో దాదాపు 2,300 కిలోమీటర్ల కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యేదాకా ఆ దీవులలో టెలిఫోను, ఇంటర్నెట్ ఉపగ్రహాల దయపై ఆధారపడినవి. ఇప్పుడు తండ్రి నాడి వేగం హైదరాబాదులో కూతురికి వెంటనే తెలియగలదు. పెద్ద చికిత్సకు చెన్నైకో కలకత్తాకో పోవలసిన ప్రాంతంలో ఒంటరి వృద్ధునికి అది కొంత ధైర్యమే. అయితే అది వైద్యుని పరీక్షకు బదులు కాదు. దాని ఆయుర్దాయమూ తక్కువ: నాలుగైదేళ్ళలో బ్యాటరీ నీరసిస్తుంది, దానిని నడిపే ఫోను మారుతుంది. అరవై ఏళ్ళ వాచీని అమ్మి అయిదేళ్ళ వాచీని కొనటం సమానమైన మార్పిడి కానేరదు.

మందులకు, పిల్ల చదువుకు, కూలిన పైకప్పుకు డబ్బు కావలసివస్తే తండ్రి వాచీని అమ్మటంలో సిగ్గుపడవలసినది లేదు. ఆ మేస్త్రీ దానిని పనివేళ తెలుసుకోవటానికి కొన్నాడు, పూజకు కాదు. కాని మిత్రునికి వచ్చిన అవసరం అటువంటిది కాదు. కూతురు కొనిస్తానన్నది. ఆ సొమ్ము తీసుకోవటం అభిమానానికి అడ్డమైతే, తక్కువ ధరవి దొరుకుతున్నవి. రెండు మూడు నెలల పింఛనులో కొంత వెనకేస్తే చాలు. ఆ అభిమానానికి మూల్యంగా తండ్రి వాచీని ఇవ్వటం ఎక్కువ ఖరీదు.

పెట్టెలో దాచటం కూడా దానిని కాపాడటం కాదు. ఉప్పుగాలిలో ఉక్కు తుప్పు పట్టుతుంది, లోపలి నూనె ఎండి చక్రాలు అరుగుతవి. కీ వాచీలు విప్పి శుభ్రం చేయగలవారు ఘంటాఘర్ బజారులోనూ, ఇక్కడ చాందినీ చౌకులోనూ కూడా ఏటేటా తగ్గుతున్నారు. వారుండగానే బాగుచేయించి, వారానికి ఒకసారైనా కీ ఇచ్చి నడిపించాలి.

అన్నిటికంటే ముందు సోంపేటకు ఉత్తరం రాయాలి. ఆ వాచీలో సగం అక్కది. తండ్రి ఓడ ఎక్కి వెళ్ళినప్పుడు ఒడ్డున మిగిలిన కూతురికి, ఆయన జీతంతో కొన్న మొదటి వస్తువుపై తమ్మునికంటే తక్కువ హక్కు లేదు. ఆమె అమ్మమంటే, ధర చూసి నిరభ్యంతరంగా అమ్మవచ్చు. తనకు కావాలంటే, విశాఖ వచ్చే ఓడలో తెలిసినవారి చేత పంపటమే న్యాయం. చెన్నై ఆసామిని అంతవరకు ఆగమని చెప్పవలసిందిగా మిత్రునికి జవాబు రాశాను.