రాహులుని అద్దము

బౌద్ధధర్మ మనగానే ఆరామములు, అరణ్యములు, కన్నులు మూసికొని కూర్చున్న భిక్షువులు పెక్కుమంది మనస్సులకు తట్టుట సహజము. కాని ఆ ధర్మమును నిత్యజీవితమున ఎట్లు ఆచరింపవలెనో తెలుపు మిక్కిలి సులభమైన పాఠ మొకటి, ఒక బాలునకు చెప్పబడినది. ఆ బాలుడు రాహులుడు. గురువు అతని తండ్రియే యైన బుద్ధుడు. మజ్ఝిమనికాయమునందలి 61వ సుత్తము ఈ పాఠమే. అప్పటికి రాహులుని వయస్సు ఏడేండ్లని ప్రాచీనవ్యాఖ్యానము చెప్పుచున్నది.

రాజగృహసమీపమున అంబలట్ఠిక యను చోట రాహులుడు నివసించుచుండెను. బుద్ధుడు అచ్చటికి వచ్చి, కాళ్లు కడిగికొని, పాత్రలో కొంచెము నీరు మిగిల్చెను. తెలిసి తెలిసి అసత్యమాడుటకు సిగ్గుపడని వానియందు శ్రమణధర్మము ఆ కొద్దినీటి పాటిదే యని చూపెను. పిదప ఆ నీటిని పారబోసెను, పాత్రను బోర్లించెను, మరల నిలిపి, లోపల ఏమియు లేకుండుటను చూపెను. బెదిరింపు లేదు, దీర్ఘోపన్యాసము లేదు. చేతికందిన పాత్రయే బోధనోపకరణ మైనది.

అటుపిమ్మట అద్దము దేనికని అడిగెను. చూచుకొనుటకని రాహులుడు బదులు చెప్పెను. అద్దములో ముఖమును చూచుకొన్నట్లే చేతను, మాటను, తలపును పరిశీలించుకొనవలెనని ఉపదేశము. చేయుటకు ముందు, చేయుచుండగా, చేసిన పిదప – ఈ మూడు వేళలను ప్రశ్న ఒక్కటే: దీనివలన తనకు గాని, ఇతరులకు గాని, ఇరువురకు గాని కీడు కలుగునా?

ఈ పాఠము భిక్షువులకే పరిమితము కాదు. భిక్షువులతోపాటు గృహస్థులును తరచుగా వినవలెనని అశోకుడు బైరాట్ శాసనమున పేర్కొన్న ఏడు ధర్మపాఠములలో, అసత్యమును గూర్చి రాహులునకు చేసిన ఉపదేశ మొకటి. కర్నూలు జిల్లా ఎర్రగుడిలోని అశోకశాసనము తల్లిదండ్రుల సేవను, భూతదయను, సత్యవచనమును, గురుగౌరవమును ప్రజలకు బోధించుచున్నది.

పాఠశాలలో ఈ అద్దమునకు ప్రతిదినము పని కలదు. ప్రక్కవాని కాగితము చూచి వ్రాయబోవు విద్యార్థికి మొదటి వేళ ఉపకరించును. ఎగతాళి చేయుచుండగా తోటివాని ముఖము వాడుటను గమనించిన వానికి రెండవ వేళ ఉపకరించును. కోపమున కఠినముగా మాటలాడిన ఉపాధ్యాయునకు సాయంకాలము మూడవ వేళ మిగిలియే యున్నది.

ఈ మూడవదే మిక్కిలి కష్టమైనది. చేతలో గాని మాటలో గాని తప్పు జరిగెనని తెలిసినచో, దానిని గురువునకో, వివేకవంతులైన సహచరులకో విన్నవించుకొని ఇకమీదట జాగ్రత్తపడవలెనని బుద్ధుడు చెప్పెను. ఇచ్చట బాధ్యత శిష్యునిది మాత్రమే కాదు. చెప్పుకొనుటకు వినువాడు ఉండవలెను. నిజము చెప్పిన బాలునకు దండనయే బహుమాన మైనచో, వాడు మరునాడు అసత్యమునే ఆశ్రయించును. పాఠశాలలో బెత్తమును 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినది. కాని హేళనతో కూడిన ఒక్కమాట కూడ బెత్తము చేయు పనియే చేయగలదు.

ఆత్మపరిశీలన యనగా తన్ను తాను నిందించుకొనుట కాదు. కీడు లేని పని చేసితినని తెలిసినప్పుడు సంతోషముతో ఉండి, ఆ మంచినే మరల మరల అభ్యసింపవలెనని కూడ రాహులునకు చెప్పబడినది. తప్పును దిద్దు ఉపాధ్యాయుడు ఒప్పును చూపి మెచ్చుకొనుటయు ఈ పాఠములోని భాగమే.