మురుగు పారాక పరుగెత్తాలా? ముందే ఆలోచించాలా?

ఊరి వాగులో నీళ్లు రంగు మారాయనుకోండి. పైన నురగ తేలుతోంది. ముక్కు మూసుకోవాల్సిన వాసన. ఆ నీళ్లు తాగిన గేదె జబ్బు పడింది. అప్పుడు ఊరివాళ్లు ఏం చేస్తారు? సర్పంచికి చెబుతారు. సర్పంచి పై ఆఫీసుకు కాగితం రాస్తారు. ఆ కాగితం తిరిగి తిరిగి కాలుష్య నియంత్రణ మండలికి చేరుతుంది. అధికారులు వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకుపోతారు.

కాని అప్పటికే నీళ్లు చెడిపోయాయి. భూమిలోకి ఇంకిన విషాన్ని చేద వేసి తోడి పారబోయలేం. అందుకే చెడకముందే కాపాడుకోవాలి. దానికి ముందుచూపు కావాలి. ఏ పని, ఎవరు, ఎప్పటిలోగా చెయ్యాలో ముందే కూర్చుని రాసుకోవాలి. దాన్నే ప్రణాళిక అంటారు. వాడుకలో ప్లాను అంటాం.

కాలుష్య మండలి ప్లాను ఎట్లా వేసుకోవాలి? అందులో ఊరి ఆడవాళ్ల మాటకు చోటు ఉందా? తెలుసుకుందాం.

మండలి ఎట్లా వచ్చింది?

నీళ్లు పాడు చెయ్యకూడదని 1974లో మన దేశంలో ఒక చట్టం వచ్చింది. గాలి కోసం 1981లో ఇంకో చట్టం వచ్చింది. 1984 డిసెంబరులో భోపాల్‌లో ఫ్యాక్టరీ నుంచి విషవాయువు బయటికి వచ్చింది. వేలమంది చనిపోయారు. ఆ తర్వాత 1986లో నేల, నీరు, గాలి అన్నిటినీ కాపాడడానికి పర్యావరణ పరిరక్షణ చట్టం చేశారు.

ఈ చట్టాలను అమలు చెయ్యడానికి ఢిల్లీలో కేంద్ర మండలి ఉంది. రాష్ట్రానికో మండలి ఉంది. ఆంధ్రప్రదేశ్ మండలి 1976లో ఏర్పడింది. 2014లో రాష్ట్రం రెండయింది. అప్పుడు తెలంగాణకు వేరే మండలి వచ్చింది.

ఫ్యాక్టరీ పెట్టాలంటే మామూలుగా మండలి దగ్గర రెండు అనుమతులు తీసుకోవాలి. కట్టే ముందు ఒకటి. నడిపే ముందు ఇంకొకటి. ఆ అనుమతి కాగితంలో షరతులు ఉంటాయి. మురుగు ఎంత వదలాలి, ఎట్లా శుభ్రం చెయ్యాలి, పొగ ఎంత ఉండొచ్చు అని రాసి ఉంటుంది. షరతులు తప్పితే ఫ్యాక్టరీ మూయించే అధికారం మండలికి ఉంది. కరెంటు, నీళ్లు ఆపించే అధికారం కూడా ఉంది.

ఇంత అధికారం ఉండి కూడా నీళ్లు ఎందుకు చెడిపోతాయి? నక్కవాగును అడగాలి.

నక్కవాగు చెప్పే పాఠం

హైదరాబాదుకు దగ్గర్లో పటాన్‌చెరు ఉంది. ఒకప్పుడు అది మెదక్ జిల్లా. ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. 1970ల నుంచి అక్కడ ఫ్యాక్టరీలు వచ్చాయి. మందులు చేసేవి, రసాయనాలు చేసేవి చాలా వెలిశాయి. కొందరికి పని దొరికింది. కాని ఒక ప్రశ్న ఎవరూ గట్టిగా అడగలేదు. ఇన్ని ఫ్యాక్టరీల మురుగు ఎక్కడికి పోతుంది?

మురుగు పల్లానికే పారుతుంది. చెరువుల్లోకి పారింది. నక్కవాగులోకి పారింది. నక్కవాగు వెళ్లి మంజీరలో కలుస్తుంది. బావుల్లో నీళ్లు రంగు మారాయి. పొలాలు దెబ్బతిన్నాయి. పశువులు చచ్చాయి. ఊళ్ల గోడు 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. నష్టపోయిన రైతులకు పరిహారం ఇవ్వాలని, ఊళ్లకు మంచినీళ్లు ఇవ్వాలని కోర్టు చెప్పాల్సి వచ్చింది.

1994లో అక్కడ అందరి మురుగూ కలిపి శుద్ధి చేసే కేంద్రం మొదలైంది. ఫ్యాక్టరీలు వచ్చిన ఇరవై ఏళ్ల నాటికి అది వచ్చింది. ఇల్లు కట్టుకుని, కాపురం పెట్టి, ఇరవై ఏళ్ల తర్వాత మురుగు కాలువ తవ్వుకున్నట్టు అయింది.

ఆ తర్వాత 18 కిలోమీటర్ల పైపులైను వేశారు. శుద్ధి చేసిన నీళ్లను హైదరాబాదు మురుగు కాలువలో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపే ఏర్పాటు చేశారు. అంబర్‌పేట మూసీ ఒడ్డున ఉంది. నక్కవాగు మీద బరువు తగ్గుతుంది, నిజమే. కాని ఎక్కడైనా శుద్ధి సరిగా జరగకపోతే? మూసీ దిగువన వరి పండించేవాళ్లు, పశువులకు గడ్డి పెంచేవాళ్లు ఉన్నారు. బరువు వాళ్ల మీద పడుతుంది. ఒక ఊరి బాధను ఇంకో ఊరికి పంపితే అది ప్లాను కాదు. వాగు మొదటి నుంచి చివరి దాకా చూస్తేనే ప్లాను.

ముందు ఎక్కడికి వెళ్లాలి?

మండలి ఉద్యోగులు కొద్దిమందే. ఫ్యాక్టరీలు వేలల్లో ఉంటాయి. అన్నిటినీ రోజూ చూడడం కుదరదు. మరి ముందు ఎక్కడికి వెళ్లాలి?

పొదుపు సంఘంలో ఏం చేస్తారు? డబ్బు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. అందరూ కూర్చుంటారు. ఒకామె పిల్లకు ఆపరేషను. ఇంకొకామెకు కొత్త బీరువా కావాలి. ఎవరి అవసరం ముందో మాట్లాడుకుని తేలుస్తారు. అడిగిన వరసన ఇచ్చుకుంటూ పోతే ఆపరేషనుకు డబ్బు మిగలదు.

మండలి కూడా అదే పని చెయ్యాలి. కేంద్ర మండలి 2016లో ఫ్యాక్టరీలను ఎరుపు, నారింజ, ఆకుపచ్చ, తెలుపు అని రంగులుగా విడదీసింది. ఎక్కువ కాలుష్యం చేసేవి ఎరుపు. చాలా తక్కువ చేసేవి తెలుపు. ఎరుపు వాటి మీద ఎక్కువ కన్ను వెయ్యాలి.

ప్రాంతాలకూ ఒక లెక్క ఉంది. 2009లో దేశంలో 88 పారిశ్రామిక ప్రాంతాలకు నూటికి ఇన్ని అని మార్కులు వేశారు. ఇవి సంతోషించే మార్కులు కావు. ఎక్కువ వస్తే ఎక్కువ చెడిపోయినట్టు. 70 దాటితే చాలా ప్రమాదం అన్నారు. అట్లా 43 ప్రాంతాలు తేలాయి. అందులో పటాన్‌చెరు, బొల్లారం ఉన్నాయి. విశాఖపట్నం కూడా ఉంది. 2010 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఈ 43 చోట్ల కొత్త ఫ్యాక్టరీలకు అనుమతులు కొంతకాలం ఆపింది. ముందు బాగుచేసే ప్లాను తెమ్మంది. మార్కులు వేశారు కాబట్టే ఎక్కడ ఆపాలో తెలిసింది.

ప్లానులో అయిదు మెట్లు

మొదటి మెట్టు: ఇప్పుడు ఎట్లా ఉందో కొలవాలి. నీళ్లలో కలిసిన ప్రాణవాయువుతో చేపలు బతుకుతాయి. మురుగు కలిస్తే దాన్ని తినే సూక్ష్మజీవులు పెరుగుతాయి. అవి ప్రాణవాయువును వాడేసుకుంటాయి. చేపలకు మిగలదు. అందుకే నీళ్లలో ప్రాణవాయువు ఎంత ఉందో, మురుగు ఎంత వాయువును మింగుతుందో కొలుస్తారు.

కొలవనిది లెక్కలోకి రాదు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఒక సంగతి బయటపెట్టారు. పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లను వాళ్లు పరీక్షించారు. జబ్బులకు వాడే సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు అందులో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మందు నీళ్లలో ఉంటే క్రిములు దానికి అలవాటు పడతాయి. రేపు మనిషికి జబ్బు చేస్తే ఆ మందు పని చెయ్యదు. అప్పట్లో మురుగులో ఇట్లాంటి మందు ఇంతకు మించకూడదనే హద్దు లేదు. హద్దు లేనప్పుడు తప్పు అని పట్టుకునేది ఎట్లా? కాబట్టి ఏమేం కొలవాలో కూడా ప్లానులో ఉండాలి.

రెండో మెట్టు: ఎక్కడికి చేరాలో అంకెలో చెప్పాలి. "నీళ్లు బాగుండాలి" అంటే అది కోరిక. మురుగు శుద్ధి చేసి వాగులో వదిలేటప్పుడు, అది మింగే ప్రాణవాయువు లీటరుకు 30 మిల్లీగ్రాములు మించకూడదని నియమం ఉంది. స్నానానికి పనికొచ్చే నదిలో అయితే 3 మించకూడదు. ఇట్లా అంకె ఉంటే పని అయిందో లేదో ఎవరైనా అడగొచ్చు.

మూడో మెట్టు: ముందు ఏది, తర్వాత ఏది అని తేల్చాలి. తాగే నీళ్లు చెడుతున్న చోటు ముందు. బడి పక్కన పొగ వదిలే చోటు ముందు.

నాలుగో మెట్టు: ఎవరు చెయ్యాలి, డబ్బు ఎక్కడిది, ఎప్పటిలోగా అన్నది రాయాలి. పేరు లేని పని ఎవరి పనీ కాదు. చెత్త తగలబెట్టకుండా చూడాల్సింది మునిసిపాలిటీ. పాత లారీల పొగ చూడాల్సింది రవాణా శాఖ. మురుగు కాలువలు కట్టాల్సింది ఇంకో శాఖ. మండలి ఒక్కటే అన్నీ చెయ్యలేదు. అందరినీ కూర్చోబెట్టి ఎవరి పని వాళ్లకు పంచాలి.

అయిదో మెట్టు: మళ్లీ కొలవాలి. అవసరమైతే ప్లాను మార్చాలి. గాలి విషయంలో ఇట్లాగే జరిగింది. 2019లో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలైంది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం లాంటి నగరాలు అందులో ఉన్నాయి. 2017తో పోలిస్తే 2024 నాటికి గాలిలో సన్నటి దుమ్మును నూటికి 20 నుంచి 30 వంతులు తగ్గించాలని పెట్టుకున్నారు. తర్వాత దాన్ని మార్చారు. 2025-26 నాటికి 40 వంతులు తగ్గించాలన్నారు. అంకె ఉంది, గడువు ఉంది. కాబట్టి "ఎంత తగ్గింది?" అని అడిగే వీలుంది.

ఊరి మాట ఎక్కడ చెప్పాలి?

ప్లాను ఆఫీసులో తయారవుతుంది. కాని వాగు ఆఫీసులో లేదు. నీళ్లు మోసేది ఆడవాళ్లు. గేదెను కడిగేది, బట్టలు ఉతికేది ఆడవాళ్లు. బిందెలో నీళ్లకు వాసన వస్తే ముందు తెలిసేది వాళ్లకే. ఈ మాట మండలికి చేరాలి. దానికి దారులు ఉన్నాయి.

పెద్ద ఫ్యాక్టరీలు, గనులు పెట్టే ముందు చాలావాటికి ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. 2006 నియమాలు ఇట్లా చెబుతున్నాయి. సభ సంగతి కనీసం 30 రోజుల ముందు చెప్పాలి. పేపర్లో ప్రకటన వెయ్యాలి. పేపరు రాని చోట డప్పు చాటింపు లాంటివి చేయించాలి. ఫ్యాక్టరీ వల్ల మంచి ఏమిటి, చెడు ఏమిటి అన్న నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. సభను మండలి ఏర్పాటు చేస్తుంది. కలెక్టరు గాని, కలెక్టరు పంపిన పెద్ద అధికారి గాని సభ నడుపుతారు. అక్కడికి వచ్చిన ప్రతి ఒక్కరికీ అడిగే హక్కు ఉంది. సభను వీడియో తీస్తారు. చివర్లో ఎవరేం అన్నారో తెలుగులో చదివి వినిపించాలి. చెప్పిన మాట కాగితంలో ఎక్కిందా లేదా అని చెవి పెట్టి వినాలి. ఎక్కకపోతే అక్కడే అడగాలి.

సభలో ఏం అడగొచ్చు? రోజుకు ఎన్ని నీళ్లు తోడతారు? మురుగు ఎంత వస్తుంది? అది ఎక్కడికి పోతుంది? వాన కాలంలో గుంట పొంగితే ఏం చేస్తారు? ప్రమాదం జరిగితే ఊరికి ఎట్లా తెలుస్తుంది? పటాన్‌చెరులో ఈ ప్రశ్నలకు మొదట్లోనే జవాబు దొరికి ఉంటే నక్కవాగు కథ ఇంకోలా ఉండేది.

ఫ్యాక్టరీ అప్పటికే ఉంటే? 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. ఫ్యాక్టరీకి ఇచ్చిన అనుమతి కాగితం నకలు కావాలని మండలికి అర్జీ పెట్టొచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పేదరికపు గీత దిగువన ఉన్నవాళ్లు ఫీజు కట్టక్కర్లేదు.

ఒక నోటుపుస్తకం చాలు

"నీళ్లు పాడవుతున్నాయి సారూ" అంటే అధికారి తల ఊపుతాడు. "ఆదివారం రాత్రి వాన పడింది. సోమవారం పొద్దున ఆరు గంటలకు వాగులో పసుపు రంగు నీళ్లు వచ్చాయి. తొమ్మిది దాకా వచ్చాయి. రెండు బావుల్లో వాసన వచ్చింది" అని రాసిస్తే తోసెయ్యడం కష్టం. ఎప్పుడు వచ్చి శాంపిలు తియ్యాలో కూడా ఆ కాగితమే చెబుతుంది.

అందుకే సంఘం తరఫున ఒక నోటుపుస్తకం పెట్టుకోవాలి. తారీఖు, టైము, రంగు, వాసన, ఏ వైపు నుంచి వచ్చింది, ఎవరికి ఏం నష్టం జరిగింది అని రాయాలి. అర్జీ ఇచ్చేటప్పుడు నకలు దగ్గర ఉంచుకోవాలి. ముట్టినట్టు ఆఫీసు ముద్ర వేయించుకోవాలి. ఒక్క ఊరి పుస్తకం కన్నా వాగు పొడుగునా ఉన్న అయిదు ఊళ్ల పుస్తకాలకు బలం ఎక్కువ. ముందు ఎక్కడికి వెళ్లాలో తేల్చే అధికారికి అవి దారి చూపిస్తాయి.

ఇది చెయ్యడానికి పెద్ద చదువు అక్కర్లేదు. తారీఖు వెయ్యడం, నాలుగు మాటలు రాయడం వస్తే చాలు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఊరి మురుగు ఎక్కడికి పోతుంది? మీ పైఊరి మురుగు ఎటు వస్తుంది?
2. మీ ఊరి దగ్గర ఏ ఫ్యాక్టరీలు, క్వారీలు, మిల్లులు ఉన్నాయి? వాటికి అనుమతి ఉందా?
3. మీ ఊరికి నీళ్ల ప్లాను వేస్తే అందులో మొదటి పని ఏది? ఎందుకు?
4. ఈ వారం మీ వాగు, చెరువు, బావి నీళ్లు ఎట్లా ఉన్నాయి? తారీఖు వేసి నాలుగు మాటల్లో రాయండి.