పెద్ద కూతురూ, కదిలే కోటా

మొన్న వేసవి సెలవులకి బెంగుళూరు నుంచి మా మనవరాలు బరంపురం వచ్చింది. ఎనిమిదో తరగతి పూర్తయింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది గాని చదవడం రాదు. తిరిగి వెళ్ళేరోజున ఒక ఇంగ్లీషు నవల నా మంచం మీద పడేసి, "అమ్మమ్మా, ఇందులో హీరోయిన్ ముసలమ్మ. నువ్వు తప్పకుండా చదవాలి" అంది. ముసలమ్మ ప్రేమకథ ఏమిటి చోద్యం కాకపోతే అనుకున్నాను. అయినా పిల్ల అడిగింది కదా అని నిఘంటువు పక్కన పెట్టుకుని, రోజుకి పది పన్నెండు పేజీల చొప్పున నెల తిరక్కుండా పూర్తిచేశాను.

పుస్తకం పేరు 'హౌల్స్ మూవింగ్ కాసిల్'. 1986లో వెలువడింది. రాసినావిడ ఇంగ్లండుకు చెందిన డయానా విన్ జోన్స్. 2011లో కాలం చేశారు. ఎదిగే పిల్లల కోసం రాసిన మాయల కథ, అందులో కొంచెం ప్రేమ.

ఇంగరీ అని ఒక దేశం. అడుగుకి ఆమడలు దాటించే జోళ్ళూ, తొడుక్కుంటే మనిషిని మాయంచేసే అంగీలూ అక్కడ నిజంగానే ఉంటాయి. ఆ దేశంలో ముగ్గురు పిల్లల్లో పెద్దగా పుట్టడం మహా దురదృష్టం. అదృష్టం వెతుక్కుంటూ బయల్దేరితే ముందుగా బోర్లా పడేది పెద్దవాళ్ళేనట! మన కథల్లో మాత్రం? అక్కడా కడగొట్టువాడే కదా రాకుమారిని తెచ్చుకునేది. సోఫీ ముగ్గురు అక్కచెల్లెళ్ళలో పెద్దది. తండ్రి పోయాక చెల్లెళ్ళిద్దర్నీ చెరోచోట పనిలో పెడతారు. తను మాత్రం ఇంటి టోపీల దుకాణంలో కూర్చుని కుడుతూ ఉండిపోతుంది. ఎలాగూ తనకి కలిసిరాదని ముందే తీర్మానించుకుంది. ఒకనాడు ఒక మంత్రగత్తె వచ్చి ఆ పిల్లని ముసలమ్మగా మార్చేసి పోతుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేకుండా కూడా చేస్తుంది.

ఇక్కడి నుంచి నాకు పుస్తకం కింద పెట్టబుద్ధి కాలేదు. పడుచుగా ఉన్నప్పుడు నోరు విప్పని సోఫీ, ముసలమ్మ కాగానే ఎవర్నీ లెక్కచెయ్యదు. కొండల మీద తిరుగాడే కోటలోకి చొరబడి, పొయ్యి దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుని, చీపురు పట్టి అందరి ప్రాణాలూ తీస్తుంది. అరవై దాటాక ఆ సుఖం ఏమిటో నాకూ తెలుసు!

ఆ కోట యజమాని హౌల్ అనే మాంత్రికుడు. ఆడపిల్లల గుండెలు తింటాడని ఊళ్ళో వదంతి. తీరా చూస్తే స్నానాలగదిలో రెండేసి గంటలు గడిపే సోకులరాయుడు. సోఫీ సర్దిన సర్దుడికి సీసాలు తారుమారై జుట్టు రంగు చెడితే, ఒంటి నుంచి ఆకుపచ్చ జిగురు కారేట్టు ఏడుస్తాడు. అది చదివి ఒక్కదాన్నే పైకి నవ్వేశాను. ఇద్దరూ పుస్తకం పొడుగునా పోట్లాడుకుంటూనే ఉంటారు. ప్రేమ మాటలు చాలా తక్కువ. అదే నాకు నచ్చింది.

ఆ కోటకి ఒకే తలుపు. పిడి తిప్పితే ఒకసారి రేవుపట్నంలోకి, ఒకసారి రాజధానిలోకి, ఇంకోసారి కొండల్లోకి తెరుచుకుంటుంది. ఊరికొక పేరుతో చెలామణీ అయ్యే హౌల్ అసలు మనలోకపు వేల్స్ వాడు. నాలుగో వైపు తిప్పితే అక్కడి అక్కగారింటికే దారి. ఇంత చదువు చదివి ఏం ఒరగబెట్టావని ఆవిడ చీవాట్లు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, మనవలతో ఇంగ్లీషు మాట్లాడే మన గడపలకి ఆ తలుపు కొత్తేం కాదు.

ఇక అసలు సంగతి. సోఫీ నోటిమాటకి మహిమ ఉంది. టోపీ కుడుతూ నిన్ను పెట్టుకున్నావిడ మీద గొప్పింటివాడు మనసుపడతాడని ఊసుపోక అంటే, అలాగే జరుగుతుంది. ఆ శక్తి తనకున్నట్టు తనకే తెలియదు. మా అమ్మ అస్తమానూ అనేది, "పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, ఆచితూచి మాట్లాడండర్రా" అని. సోఫీ రోజూ తన గురించి తను ఏమనుకునేదో ముందే చెప్పాను కదా. కథ చివరికొచ్చేసరికి హౌల్ ఒక మాట బయటపెడతాడు. ఆ ముసలిరూపం పోగొట్టాలని తను ఎన్నోసార్లు ప్రయత్నించాడట. పోలేదు. ఆ వేషం సోఫీకే ఇష్టమేమో అనుకుని ఊరుకున్నాడట.

ఆ పేజీ దగ్గర రెండు రోజులు ఆగిపోయాను.

నేనూ ముగ్గురిలో పెద్దదాన్ని. 1976లో మెట్రిక్ పాసయ్యాను. నాన్న కాలేజీ దరఖాస్తు తెచ్చి బల్ల మీద పెట్టారు. అమ్మకి అప్పట్లో ఒంట్లో బాగుండేది కాదు. "నాకొద్దు నాన్నా, చెల్లెళ్ళని చదివించండి" అన్నాను. వాళ్ళిద్దరూ చదివి ఉద్యోగాలు చేశారు. పెళ్ళిళ్ళలో, పేరంటాళ్ళలో ఎవరడిగినా "పెద్దదాన్ని కదండీ, నన్నెవరు చదివిస్తారు" అని చెప్పుకుంటూ వచ్చాను. చివరికి నా కూతురికీ అదే చెప్పాను. నాన్న పోయి ఇన్నేళ్ళయినా ఆ నింద ఆయన మీదే ఉంది. వేసింది నేను.

రచయిత్రి కూడా ముగ్గురు అక్కచెల్లెళ్ళలో పెద్దావిడేనట. తల్లిదండ్రులు పట్టించుకునేవారు కారట. చదువుకోడానికి పుస్తకాలు కరువై, తనే నోటుపుస్తకాల్లో కథలు రాసి చెల్లెళ్ళకి చదివి వినిపించేవారట. ఈ సంగతి మనవరాలే ఫోనులో చెప్పింది.

లోపాలు లేవని కాదు. చివరి అధ్యాయాల్లో అందరూ ఒక్కసారిగా మీదపడతారు. ఎవరు ఎవరో తేల్చుకోడానికి రెండుసార్లు చదవాల్సొచ్చింది. 2004లో జపాన్ దర్శకుడు మియజాకి దీన్ని బొమ్మల సినిమాగా తీశారు. కనులపండువగా ఉంటుంది గాని అందులో యుద్ధం ఎక్కువ, వేల్స్ అసలు లేదు. పిల్లలకి ముందు పుస్తకమే ఇవ్వండి.

పుస్తకం అయిపోయిన రాత్రి మా రెండో చెల్లెలికి ఫోను చేసి ఆ దరఖాస్తు విషయం చెప్పేశాను. అది కాసేపు మాట్లాడలేదు. తరవాత, "నాకు తెలుసప్పా. నేను తలుపు పక్కనే ఉన్నాను. ఆ ఏడాదంతా నాన్న ఆ కాగితం దాచి ఉంచారు" అంది.

దసరాకి మనవరాలు మళ్ళీ వస్తానంది. ఈసారి తనకి తెలుగు అక్షరాలు నేర్పాలిట. బదులుగా ఆ రచయిత్రిదే ఇంకో నవల తెస్తుందిట.