పడుకోబెట్టడం వైద్యం కాదు

ఫిజియోథెరపిస్టు వార్డులోకి రాగానే "ఇవాళ వద్దు లెండి సార్, బాగా నీరసంగా ఉన్నారు, రేపు చూద్దాం" అని వెనక్కి పంపేసే బంధువులు ఏ ఆస్పత్రిలోనైనా కనిపిస్తారు. కదిలితే ప్రమాదం, పడుకుంటే క్షేమం అన్న నమ్మకం వాళ్లది. ప్రేమతోనే అంటారు, కాని తమ కాళ్లతో ఆస్పత్రికి నడిచొచ్చిన పెద్దవాళ్లు చక్రాల కుర్చీలో ఇల్లు చేరడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఆరోగ్యంగా ఉన్న ఐదుగురు ఇరవై ఏళ్ల కుర్రాళ్లను 3 వారాలు మంచానికే పరిమితం చేస్తే, శ్రమపడేటప్పుడు ఒళ్లు వాడుకోగల గరిష్ఠ ఆక్సిజన్ పావు వంతుకు పైగా పడిపోయింది. 2007లో వెలువడిన మరో పరిశోధనలో జబ్బేమీ లేని వృద్ధులు 10 రోజులకే కాళ్లలో దాదాపు కిలో కండ పోగొట్టుకున్నారు. న్యుమోనియాతో తిండి సయించని డెబ్బై ఏళ్ల మనిషి సంగతి ఇక వేరే చెప్పాలా?

"మరి లేపితే పడిపోరా?" అన్న ప్రశ్న సబబైనదే. అందుకే కొలిచి లేపుతారు. పడుకుని ఉండగా ఒకసారి బీపీ చూసి, కాళ్లు కిందికి వేలాడేసి కూర్చోబెట్టి మళ్లీ చూస్తారు. నిలబడ్డ 3 నిమిషాల్లో పై అంకె 20 పడిపోయినా, కళ్లు తిరిగినా వెంటనే కూర్చోబెట్టాలి. ఆ పూటకు కూర్చోవడమే వ్యాయామం. నడుస్తూ ఒక్క వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, ఛాతీలో నొప్పొచ్చినా, వేలికి పెట్టిన ఆక్సీమీటర్ అంకె డాక్టరు చెప్పిన హద్దు దిగినా ఆగాల్సిందే. ఎంత కదలాలో ఈ పూట ఒళ్లిచ్చే జవాబును బట్టే తేలుతుంది. సెలైన్ స్టాండుకు చక్రాలున్నాయి, అదీ వెంట వస్తుంది. పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు వార్డులో మెల్లగా నడిస్తే కుట్లు ఊడవు. పక్కకు ఒత్తిగిలి, దిండు పొట్టకు అదుముకుని లేస్తే నొప్పీ తగ్గుతుంది.

అయితే ఈ భయంలో కొంత నిజముందని ఒప్పుకోక తప్పదు. పక్షవాతం వచ్చిన 2,104 మందిపై 5 దేశాల్లో జరిపి, 2015లో ప్రకటించిన పరీక్షలో, 24 గంటల్లోపే లేపి పదేపదే కదిలించినవాళ్లలో 3 నెలలకు బాగా కోలుకున్నది 46 శాతం, మామూలు చికిత్స పొందినవాళ్లలో 50 శాతం. తొందరపడి మోతాదు పెంచితే చేటే. కాని ఆ మామూలు చికిత్సలోనూ సగం మందికి పైగా ఒక రోజులోపే మంచం దిగారన్న సంగతి మరవొద్దు. కనుక "రేపు రండి" అనకుండా "ఈ పూట ఎంతవరకు?" అని ఫిజియోను అడగండి. జారని చెప్పులు, కళ్లద్దాలు మంచం పక్కనే ఉంచండి. ఫిజియో సరేనంటే, మధ్యాహ్నం అన్నం కుర్చీలో కూర్చోబెట్టి పెట్టండి.