ఆగిన బండిని నమ్మకండి
(గ్యారేజీ పనిలో ఉన్న మన పిల్లలకు, వారి ఇంటివారికి)

వరాలా తలావ్ చుట్టుపక్కల, కామత్‌ఘర్, పద్మానగర్‌లలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో చాలామంది కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి సాంచాల పనికి వచ్చినవారే. మా నాన్నగారూ అలా వచ్చినవారే. ఆయన సాంచాలు నడిపారు, నేను పానా పట్టాను. భివండీ చుట్టూ గోదాములు పెరిగి లారీలు, టెంపోలు ఎక్కువయ్యాక మన పిల్లల్లో మరికొందరు ఈ పనిలోకి వస్తున్నారు. సంతోషమే. అయితే ఈ పనిలో ఒళ్ళు కాపాడుకోవడం ఎలాగో చెప్పేవారు మన ఇళ్ళలో తక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు.

సాంచాల మధ్య పెరిగిన పిల్లవాడికి తిరిగేదాన్ని చూసి జాగ్రత్తపడడం ఎవరూ నేర్పనక్కర్లేదు. పట్టా దగ్గరికి లుంగీ పోనివ్వడు, నాడె ఎగిరివచ్చే దారిలో నిలబడడు. స్విచ్చి ఆపాక సాంచె ఆగుతుంది, భయమూ పోతుంది. గ్యారేజీలో ఆ లెక్క పనికిరాదు. ఇంజను ఆపిన బండిలో కూడా బరువు, ఒత్తిడి, వేడి, కరెంటు అలాగే ఉంటాయి. అక్కడే మన పిల్లలు పొరపడుతున్నారు.

జాకీ ఎత్తడానికే

జాకీ బండిని ఎత్తుతుంది. మోస్తూ ఉండడం దాని పని కాదు. లోపలి సీల్ పోతే నూనె కారి దిగిపోతుంది. వానకు మెత్తబడిన నేలలో కుంగుతుంది, గ్రీజు మీద జారుతుంది. కాబట్టి ఎత్తిన వెంటనే ఛాసిస్ కింద ఇనుప స్టాండ్లు గాని, మందమైన గట్టి చెక్క దిమ్మెలు గాని పెట్టాలి. ఇటుకలు పెట్టకండి, అవి చెప్పకుండా పగులుతాయి. నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టండి. టిప్పర్ తొట్టి లేపినా అంతే, ఇనుప ఆధారం పెట్టకుండా కిందికి తల పెట్టకూడదు.

నేను హెల్పరుగా ఉన్న రోజుల్లో ఒక గ్యారేజీలో మా ఉస్తాద్ టెంపో కింద పడుకుని గేర్‌బాక్సు విప్పుతుండగా జాకీ దిగిపోయింది. ఆయన ముందే పెట్టుకున్న దిమ్మెల మీద ఛాసిస్ ఆగింది. ఆయన ఛాతీకి, ఇనుముకు మధ్య జానెడు సందు మిగిలింది. దిమ్మెలు పెట్టడానికి ఆయనకు పట్టింది రెండు నిమిషాలు.

టైరు, రేడియేటరు, బ్యాటరీ

లాక్ రింగు ఉన్న లారీ చక్రం దగ్గర మరీ జాగ్రత్త కావాలి. విప్పేముందు వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా వదలాలి. రింగు, గాడి తుప్పు లేకుండా గీకి, సరిగా కూర్చుందో లేదో చూడాలి. ఇనుప బోనులో పెట్టి, పొడవాటి గొట్టంతో గాలి పట్టాలి. ఎదురుగా నిలబడకూడదు, పైకి వంగకూడదు. ఆ రింగు ఎగిరితే తల దక్కదు.

వేడి మీద రేడియేటర్ మూత తీయకండి. లోపలి నీరు ఒత్తిడి వల్లనే మరగకుండా ఆగి ఉంటుంది. మూత వదులైతే ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. కార్లలో ఉండే కరెంటు ఫ్యాను ఇంజను ఆపాక కూడా తనంతట తాను తిరగవచ్చు.

బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగెటివ్ తీగ తీయండి, బిగించేటప్పుడు దాన్ని చివర బిగించండి. అప్పుడు పానా బాడీకి తగిలినా నిప్పురవ్వ లేవదు. ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది, దాని దగ్గర బీడీ వెలిగించవద్దు. వేలికి ఉంగరం, చేతికి కడియం ఉంటే పనికి ముందే తీసి జేబులో వేసుకోండి.

కనబడని ముప్పు

ఖాళీ పెట్రోలు ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం, ఎందుకంటే అందులో ఉన్నది ఆవిరి. శుభ్రం చేయించకుండా దానికి వెల్డింగ్ పెట్టకండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, పని గోతిలో నిలిచి ఉంటుంది. వానాకాలంలో షట్టర్ దించి ఇంజను నడపకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, తల తిరగడం మొదలైతే వెంటనే బయటి గాలికి రండి.

బ్రేకు డ్రమ్ముల దుమ్మును గాలి గొట్టంతో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది, అది ఊపిరితిత్తులను తినేస్తుంది. దూది దుమ్ముతో వచ్చే దగ్గు మన ఇళ్ళకు కొత్త కాదు గదా! ఆ గాలి గొట్టంతో వేళాకోళం అసలే వద్దు. 2024 మార్చిలో బెంగళూరులో ఒక బైకు సర్వీసు సెంటరులో స్నేహితుడి శరీరంలోకి సరదాగా గాలి కొట్టడంతో ఒక యువకుడు ప్రాణం పోగొట్టుకున్నాడు.

ఇంటివారికి ఒక మాట

పద్నాలుగేళ్ళు నిండని పిల్లవాడిని పనిలో పెట్టడం 2016లో సవరించిన చట్టం ప్రకారం నేరం. వాడు బడిలోనే ఉండాలి. వయసు వచ్చినవాడిని పంపేటప్పుడు జీతం ఎంతని అడిగే ముందు, "బండి కింద స్టాండ్లు పెడతారా?" అని యజమానిని అడగండి. మొదటి జీతంతో గట్టి బూట్లు, గ్రైండింగ్‌కు కళ్ళద్దాలు కొనిపించండి. కాలితే పసుపు, టూత్‌పేస్టు పూయకండి. ఇరవై నిమిషాలు చల్లటి నీటి ధార కింద ఉంచండి. కంట్లో యాసిడ్ పడినా ముందు నీళ్ళే, ఆ తర్వాత ఆసుపత్రి. పెద్ద దెబ్బయితే 108కి ఫోను చేయండి.

దసరాకు మనం పానాలకు, జాకీకి బొట్టు పెట్టి పూజిస్తాం. ఈసారి స్టాండ్లనూ, చెక్క దిమ్మెలనూ ఆ వరుసలో పెట్టండి. మర్నాటి నుంచి వాటిని మూలన పడేయకుండా బండి కింద పెట్టండి.